ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ ఇంటి దగ్గరే మార్చుకోవడం: పాత క్లాసిక్ 350కి ఏ ఫిల్టర్ తీసుకోవాలి?

కృష్ణాతీరం (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2017 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉంది. ఇన్నేళ్లూ దాన్ని ఇంటికి దగ్గరలోని ఒక వర్క్‌షాపులో పొద్దున్నే అప్పగించి, సాయంత్రం వెళ్లి బిల్లు కట్టి తెచ్చుకోవడమే తప్ప లోపల ఏం చేస్తున్నారో ఒక్కసారీ దగ్గరుండి చూడలేదు. వారంటీ ఎప్పుడో ముగిసింది కాబట్టి, ఈసారి ఆయిల్, ఫిల్టర్ రెండూ నేనే మార్చుకుందామని నిర్ణయించుకున్నాను.

నిన్న ఆటోనగర్ వెళ్లి అడిగితే ఒక దుకాణంలో మూడు రకాల ఫిల్టర్లు చూపించారు. ఒకటి బండి తయారుచేసిన కంపెనీ పెట్టెలో వచ్చింది. రెండోది ఫిల్టర్లు తయారుచేసే పేరున్న మరో సంస్థది. మూడోది పేరూ ఊరూ లేని పెట్టెలో దాదాపు సగం ధరకు వచ్చేది. చేతిలో పెట్టుకుని చూస్తే మూడింటికీ నాకు తేడా కనిపించలేదు. ఫిల్టర్‌ను దేన్నిబట్టి ఎంచుకోవాలి? మా ఊరి ఎండలకు బండి పుస్తకంలో రాసిన 15డబ్ల్యూ-50 రకం ఆయిల్ కాకుండా 20డబ్ల్యూ-50 పోయమని ఆ దుకాణదారు అన్నారు, అది సరైనదేనా? ఈ పని మొదటిసారి చేసేవారు ఎక్కడ తప్పు చేస్తారో కూడా అనుభవజ్ఞులు చెప్పగలరు.

యంత్రవిద్య (హైదరాబాద్)

కృష్ణాతీరం గారూ, మీ మొదటి ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబిస్తాను, ఎందుకంటే ఫిల్టర్ల గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో సగం పెట్టె మీది బొమ్మను చూసి చెప్పేవే.

మీ బండిలో ఉండేది బయట డబ్బా లేని కాగితపు ఫిల్టర్. ఇంజిన్ కుడివైపు చిన్న మూత వెనుక ఒక గదిలో కూర్చుంటుంది. పంపు తోసిన ఆయిల్ ఫిల్టర్ చుట్టూ చేరి, మడతలు పెట్టిన కాగితంలోంచి లోపలికి దూరి, నడిమి గొట్టం గుండా బేరింగుల వైపు వెళుతుంది. ఆ కాగితం మామూలు కాగితం కాదు. వేడికీ ఆయిల్‌కూ నానిపోకుండా దానికి రెసిన్ పట్టించి గట్టిపరుస్తారు. చౌకబారు ఫిల్టర్‌లో మొదట కోత పడేది అక్కడే. మడతల సంఖ్య తగ్గిస్తారు, రెసిన్ తగ్గిస్తారు, కాగితాన్ని పైకప్పుకూ అడుగుకూ అంటించే జిగురు తగ్గిస్తారు. జిగురు ఊడిన ఫిల్టర్‌లో ఆయిల్ కాగితం జోలికే పోకుండా ఆ సందులోంచి నేరుగా వెళ్లిపోతుంది. అప్పుడు ఆ కాగితం ఎంత సన్నని మలినాన్ని ఆపగలదన్న లెక్కకు అర్థమే ఉండదు.

ఇక మైక్రాన్ల సంగతి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. "ఇది 10 మైక్రాన్ల ఫిల్టర్" అని రాసినంత మాత్రాన ఏమీ తెలియదు. ఆ పరిమాణపు రేణువుల్లో ఎన్నింటిని ఆపుతుందన్నది అసలు ప్రశ్న. దీన్ని కొలవడానికి ఐఎస్‌ఓ 4548-12 అనే పరీక్షా పద్ధతి ఉంది. అందులో ఫిల్టర్‌కు ముందున్న రేణువుల సంఖ్యను తరువాతి సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని బీటా నిష్పత్తి అంటారు. ఒక పరిమాణం దగ్గర బీటా 2 అంటే ఫిల్టర్ సగం రేణువులనే ఆపుతోందని, బీటా 75 అంటే నూటికి 98.7 వంతు ఆపుతోందని అర్థం. రెండు ఫిల్టర్ల మీదా "10 మైక్రాన్లు" అనే రాసి ఉండవచ్చు, కానీ వాటి మధ్య ఇంత అంతరం ఉండవచ్చు. మన దుకాణాల్లో దొరికే బైకు ఫిల్టర్ల పెట్టెల మీద ఈ నిష్పత్తి రాసి ఉండగా నేను చూడలేదు.

అందుకని నేను చేసే పని చాలా సాదా. కంపెనీ ఫిల్టర్ లేదా ఫిల్టర్ల తయారీలో పేరున్న సంస్థది బిల్లుతో తీసుకుంటాను. రెండింటిలో ఏదైనా ఫరవాలేదు. పేరులేనిది మాత్రం వద్దు. ఆ తేడా ఒక పూట హోటల్ భోజనం ఖర్చుకు మించదు. కొనేటప్పుడు మడతలు సమానంగా ఉన్నాయా, కాగితం పైకప్పుకు అంటుకున్న చోట ఎక్కడైనా వెలితి ఉందా, రబ్బరు మెత్తగా ఉందా లేక నిలవ ఉండి గట్టిపడిందా అన్నవి వేలితో తడిమి చూడండి. ఓ రింగులు (సందులు మూసే గుండ్రటి రబ్బరు రింగులు) ఫిల్టర్‌తో పాటే వస్తున్నాయో లేదో అడగండి. పాత ఓ రింగుతో కొత్త ఫిల్టర్ వేయడం కంటే ఆ పని వాయిదా వేసుకోవడమే నయం.

పాత బుల్లెట్ (నల్గొండ)

పోత ఇనుము ఇంజిన్ ఉన్న బుల్లెట్‌ను నేను ముప్పయ్యేళ్లుగా నడుపుతున్నాను. దాంట్లో గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, క్లచ్ వైపు గదిలో ఆయిల్ వేరు, ఇంజిన్ ఆయిల్ వేరు. అప్పట్లో ఫిల్టర్ కూడా కాగితం కాదు, ఒత్తిన ఉన్నిగుడ్డ. మీ బండి తరానికి వచ్చేసరికి ఈ మూడు పనులూ ఒకే ఆయిల్ చేస్తోంది. గేర్ల పళ్ల మధ్య నలిగేదీ అదే, క్లచ్ పలకల పొడిని మోసేదీ అదే. కాబట్టి మీ ఫిల్టర్ చేసే చాకిరీ మా పాత ఫిల్టర్ చేసినదానికంటే ఎక్కువ.

మొదటిసారి చేసేవారు ఎక్కడ తప్పు చేస్తారని అడిగారు కదా, నూటికి తొంభై మంది డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్‌ను కిందికి వదిలే బోల్టు) దగ్గరే చేస్తారు. బోల్టు ఉక్కు, ఇంజిన్ అడుగు భాగం అల్యూమినియం. కారుతుందేమోనన్న భయంతో పొడుగాటి పానా పట్టుకుని బలమంతా పెట్టి బిగిస్తే, తెగేది బోల్టు కాదు, ఇంజిన్‌లోని మర. నేను ఒకసారి అలా మర పోగొట్టుకుని, లేత్ షాపులో లోపల ఉక్కు తీగ చుట్ట వేయించుకున్నాను. ఆ పని చేసిన పెద్దాయన "బండి నీదా, పగవాడిదా?" అని అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది.

బోల్టు కింద ఉండే వాషర్ మెత్తని లోహంతో చేసింది. అది కొంచెం నలిగి సందును మూయాలి, ఆయిల్‌ను ఆపేది అదే కానీ మన బలం కాదు. ప్రతిసారీ కొత్త వాషర్ వేయండి. రాగి వాషరైతే, కొత్తది దొరకనప్పుడు ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది. అల్యూమినియం వాషర్‌తో ఆ ప్రయోగం చేయకండి. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) ఎవరి దగ్గరైనా అరువు దొరికితే, సర్వీసు పుస్తకంలో రాసిన అంకె పెట్టి బిగించండి. బోల్టు ఎక్కించేటప్పుడు మొదటి నాలుగు చుట్లూ పానా లేకుండా వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు బిగుతుగా తగిలితే మర అడ్డంగా ఎక్కుతోందని గ్రహించి వెనక్కి తీయాలి.

పల్సర్ ప్రయాణి (వరంగల్)

ఆయిల్ విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. ఇంట్లో కారు కోసం తెచ్చిన ఖరీదైన సింథటిక్ ఆయిల్ మిగిలితే, ఖరీదైనది కదా మేలే చేస్తుందని నా పల్సర్ 150లో పోశాను. ఊళ్లో నడిపినంతసేపూ ఏమీ తెలియలేదు. వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ అరుపు పెరుగుతోంది కానీ బండి వేగం పెరగడం లేదు. క్లచ్ జారుతోందని అర్థం కావడానికి నాకు రెండు మలుపులు పట్టింది.

బైకుల్లో క్లచ్ పలకలు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంధనం ఆదా చేయడం కోసం కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. కారు క్లచ్ పొడిగా వేరే చోట ఉంటుంది కాబట్టి దానికి నష్టం లేదు, మన క్లచ్‌కు మాత్రం అదే ముప్పు. ఈ గందరగోళం తీర్చడానికే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 1998లో జాసో టీ 903 అనే ప్రమాణం తెచ్చింది. డబ్బా వెనుక "జాసో ఎంఏ" లేదా "ఎంఏ2" అని ఉంటే తడి క్లచ్‌కు తగినంత రాపిడి ఉంచుతుందని అర్థం. "ఎంబీ" అంటే రాపిడి తక్కువ, అది ప్రధానంగా గేర్లు లేని స్కూటర్ల కోసం. మీ పుస్తకంలో ఏ అక్షరాలు రాసి ఉంటే అవే డబ్బా మీద ఉన్నాయో లేదో చూడండి. బ్రాండు పేరు ఆ తరువాతి సంగతి.

బొగ్గుగని (రామగుండం)

ఎండల గురించి మాట్లాడే హక్కు రెంటచింతల వారికీ మాకూ ఉందనుకుంటాను, కాబట్టి చిక్కదనం గురించి నేను చెబుతాను. 15డబ్ల్యూ-50, 20డబ్ల్యూ-50 అన్న రెండింటిలోనూ రెండో అంకె ఒకటే. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది ఆ అంకె. దాన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. అంటే బయట ఎండ 46 డిగ్రీలున్నా ఈ రెండు ఆయిళ్లూ ఇంజిన్‌లో ఒకే తరగతికి చెందినవి. మొదటి అంకె చలిలో స్టార్ట్ చేసేటప్పటి ప్రవాహానికి సంబంధించింది, అందులో "డబ్ల్యూ" చలికాలానికి గుర్తు. కాబట్టి ఎండల పేరు చెప్పి 15ను 20గా మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ దుకాణంలో 20డబ్ల్యూ-50 నిల్వ ఎక్కువ ఉండి ఉంటుంది, అంతే.

శివారు రైతు (గుంటూరు జిల్లా)

ఈ చర్చ చదువుతుంటే నా స్ప్లెండర్‌కు ఫిల్టర్ ఎక్కడుందా అన్న అనుమానం వచ్చింది. పన్నెండేళ్లుగా ఆయిల్ మారుస్తున్నారు కానీ ఎవరూ ఫిల్టర్ అన్న మాట ఎత్తలేదు. మా బండికి కూడా కొనాలా?

షెడ్డు సోదరుడు (ఏలూరు)

రైతు గారూ, మీ బండిలో మార్చవలసిన కాగితపు ఫిల్టర్ లేదు, కానీ శుభ్రం చేయవలసినవి రెండున్నాయి. ఒకటి పంపుకు ముందుండే తీగ జాలీ. రెండోది క్రాంకు (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) కొనకు బిగించిన చిన్న గిన్నె లాంటిది. అది ఇంజిన్‌తో పాటు గిర్రున తిరుగుతుంటే, కవ్వం తిప్పిన కుండలో మజ్జిగ అంచులకు ఎగిసినట్టు, ఆయిల్‌లోని బరువైన మలినం గిన్నె గోడకు కొట్టుకుని పేస్టులా అంటుకుపోతుంది. అందులో కాగితమూ లేదు, మూసుకుపోయేదీ లేదు. నేను తీసిన కొన్ని బండ్లలో ఆ గోడ మీద వేలి మందాన నల్లటి మడ్డి కనిపించింది. అయితే దాన్ని చేరాలంటే కిక్ రాడ్ తీసి, కుడివైపు పెద్ద కవర్ విప్పి, మళ్లీ కొత్త గాస్కెట్‌తో (కవర్ కింద సందు మూసే పలుచని అట్ట) మూయాలి. ఇది ఇంటి దగ్గర మొదటి రోజే చేసే పని కాదు. పన్నెండేళ్లలో ఎవరూ తీయకపోతే ఒకసారి తీయించండి.

నేను ఇరవై ఏళ్లుగా మెకానిక్‌ని, కాబట్టి మా వైపు మాట కూడా రెండు ముక్కలు చెప్పాలి. ఇంటి దగ్గర చేసుకోవడం మంచిదే, కానీ యూట్యూబు చూసి ఇంజిన్‌లో కిరోసిన్ పోసి కడగకండి. ఈ అలవాటు మా షెడ్లలోనే పుట్టిందని ఒప్పుకుంటాను. పోసిన కిరోసిన్ అంతా ఎప్పుడూ బయటికి రాదు. మూలల్లో మిగిలింది కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. బండిని అయిదు నిమిషాలు నడిపి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే బోల్టు తీసి పదిహేను నిమిషాలు వదిలేస్తే, కిరోసిన్ తీసేంత మలినాన్ని అదే మోసుకొస్తుంది. వేడి సైలెన్సర్‌కు మోచెయ్యి తగలకుండా చూసుకోండి, మా అందరి చేతుల మీదా ఆ మచ్చ ఉంది.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చాల్సిందేనన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఎక్కువ తిరగని బండికి రెండుసార్లు ఆయిల్ మార్చినప్పుడు ఒకసారి ఫిల్టర్ మారిస్తే సరిపోతుంది.

యంత్రవిద్య (హైదరాబాద్)

సోదరా, కిరోసిన్ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఫిల్టర్ గడువు దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేను. ఫిల్టర్ మలినంతో నిండాక ఆయిల్ ఆగిపోదు. ఆయిల్ అందక బేరింగులు కాలిపోకూడదు కాబట్టి, కాగితంతో నిమిత్తం లేకుండా దారి ఇచ్చే బైపాస్ వాల్వు చాలా ఇంజిన్లలో ఉంటుంది. అది తెరుచుకున్నట్టు నడిపేవారికి ఏ లైటూ వెలగదు, ఏ శబ్దమూ రాదు. వడపోత లేని ఆయిల్‌తో బండి మామూలుగానే నడుస్తుంది. అదీగాక, పాత ఫిల్టర్ గదిలో మిగిలిన మురికి ఆయిల్ కొత్తదాంట్లో కలుస్తుంది. తక్కువ తిరిగే బండి విషయంలో ఇంకొకటి ఉంది. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల పట్టిన తేమ ఆవిరి కాదు. అలాంటి బండికి కిలోమీటర్లు కాకుండా నెలలు లెక్కపెట్టాలి. గడువు ఎంతన్నది బండి పుస్తకం చెప్పాలి, మీరూ నేనూ కాదు.

షెడ్డు సోదరుడు (ఏలూరు)

మీ మాట పుస్తకం ప్రకారం సరైనదే. ఫిల్టర్ డబ్బులు కూడా అడిగితే ముఖం చిట్లించే కస్టమర్లతో వేగేది మేము, అందుకే ఆ సర్దుబాటు. సొంతంగా చేసుకునేవారికి కూలి ఖర్చు లేదు కాబట్టి ప్రతిసారీ మార్చుకోవచ్చు, దాంట్లో నాకు అభ్యంతరం లేదు.

డాలస్ తెలుగువాడు (టెక్సాస్)

నా దగ్గరున్నది కవాసాకి వల్కన్ ఎస్. దీని ఫిల్టర్ బయటికి కనిపించే డబ్బా, మర తిప్పి ఎక్కించేది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండ్లకూ ఇలాంటిదే వస్తుంది కాబట్టి ఆ బండ్లున్నవారికి పనికొస్తుందని రాస్తున్నాను. పాత డబ్బా తీశాక దాని రబ్బరు రింగు డబ్బాతో పాటే వచ్చిందో లేదో తప్పక చూడాలి. నేను ఒకసారి చూడలేదు. పాత రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయింది, దాని మీద కొత్తది బిగించాను. స్టార్ట్ చేసిన పది సెకన్లలో గ్యారేజీ నేలంతా ఆయిల్. కొత్త రింగుకు వేలితో కొంచెం ఆయిల్ రాసి, అది ఇంజిన్‌కు తగిలేదాకా చేత్తో తిప్పి, ఆ తరువాత ఫిల్టర్ మీద ఎంత రాసి ఉంటే అంతే బిగించాలి. నా ఫిల్టర్ మీద ముప్పావు చుట్టు అని ఉంది. విప్పడానికి రెంచ్ వాడండి, బిగించడానికి వద్దు.

పాత ఆయిల్‌ను ఇక్కడ విడిభాగాల దుకాణాలు చాలావరకు ఉచితంగా తీసుకుంటాయి. మన దగ్గర ఏం చేస్తున్నారు?

నిర్వాహకుడు

డాలస్ గారి ప్రశ్న ముఖ్యమైనది. వాడేసిన ఆయిల్ మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దాన్ని సేకరించి తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టే సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెంట్రింగ్ చెక్కలకు పూయడం, చెదలు పట్టకుండా గుంజలకు రాయడం, కాలువలో పారబోయడం గురించి ఇక్కడ సలహాలు ఇవ్వవద్దని మనవి. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది నింపి, ఆయిల్ పీపాలు పెట్టుకున్న సర్వీసు కేంద్రానికి ఇవ్వండి. ఇంటికి నాలుగైదు డబ్బాలు పోగయ్యాక ఇచ్చినా ఫరవాలేదు.

షెడ్డు సోదరుడు (ఏలూరు)

దానికి ఒక మాట కలుపుతాను. ఖాళీ అయిన డబ్బాను పాత సామాన్ల వాళ్లకు వేసేముందు మేకుతో బొక్క పెట్టండి, లేబుల్ చింపేయండి. మంచి డబ్బాల్లో నాసిరకం ఆయిల్ నింపి అమ్మేవారికి అవే ముడిసరుకు. మీరు కొనేటప్పుడు కూడా మూత కింది రేకు అతుకు చెదరకుండా ఉందా, డబ్బా మీది బ్యాచ్ నంబరు గీకినట్టుందా చూడాలి.

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం ఉదయం పని పూర్తిచేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కంపెనీ ఫిల్టర్, ఓ రింగులు, కొత్త వాషర్, రెండున్నర లీటర్ల 15డబ్ల్యూ-50 ఎంఏ ఆయిల్ కొన్నాను. టార్క్ రెంచ్ పక్కవీధి లేత్ షాపులో అరువిచ్చారు. బండిని కాసేపు నడిపి, సెంటర్ స్టాండ్ వేసి, పాత పెరుగు బకెట్ కింద పెట్టి బోల్టు విప్పాను. బోల్టు వేళ్ల నుంచి జారి ఆ వేడి ఆయిల్‌లో పడింది. దీని గురించి మీరెవరూ హెచ్చరించలేదు.

ఫిల్టర్ మూత బోల్టులు విప్పుతున్నప్పుడే అనుమానం వచ్చింది, ఎందుకంటే వాటి తలల మీద పానా పట్టిన గుర్తే లేదు. మూత తీస్తే లోపలి ఫిల్టర్ కాగితం బొగ్గులా ఉంది, మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి విడదీస్తే తుంపులుగా చిరిగాయి. దాని పైకప్పు మీద అచ్చువేసిన తయారీ కోడ్‌లో 2017 కనిపించింది, అంటే అది బండితో పాటు వచ్చిన ఫిల్టర్. నా దగ్గర దాచుకున్న బిల్లులు తీసి చూశాను. గత ఆరు బిల్లుల్లో నాలుగింటిలో ఫిల్టర్‌కు డబ్బు తీసుకున్నారు. నేనిక్కడ మూడు ఫిల్టర్లలో ఏది మేలో అడుగుతున్నాను, వాళ్లు నాకు ఏదీ వేయలేదు.

కొత్తది కూర్చోబెట్టేముందు గదిని పీచు రాలని గుడ్డతో తుడిచాను, ఓ రింగులకు ఆయిల్ రాశాను, ఫిల్టర్ ఏ వైపు లోపలికి ఉండాలో పాతదాన్ని తీసేముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను. ఆయిల్ రెండు లీటర్ల దాకా ఒకేసారి పోసి, తరువాత కొంచెం కొంచెంగా పోస్తూ ఇంజిన్ నడిపి, ఆపి, కాసేపు ఆగి, ఇంజిన్‌కు ఉన్న ఆయిల్ మట్టం చూపే గాజు కిటికీలో చూశాను. మరో చిన్న గ్లాసుడు పట్టాక మట్టం రెండు గీతల నడుమకు వచ్చింది. మిగిలినది డబ్బాలోనే ఉంది.

పాత బుల్లెట్ (నల్గొండ)

మిగిలింది మిగిలినట్టే ఉంచి మంచి పని చేశారు. కొన్నది వృథా ఎందుకని మొత్తం పోసేవారిని చూశాను. మట్టం పై గీత దాటితే ఆ అదనపు ఆయిల్ ఇంజిన్ శ్వాసనాళం (లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి చేరుతుంది. వారం రోజులు బోల్టు దగ్గర, మూత దగ్గర ప్రతి ఉదయం వేలు పెట్టి చూడండి. తడి తగిలితే మళ్లీ బిగించకండి, ముందు వాషర్, ఓ రింగు చూడండి.

కృష్ణాతీరం (విజయవాడ)

నాలుగు రోజులైంది, రెండు చోట్లా పొడిగానే ఉంది. చిరిగిన ఆ పాత ఫిల్టర్‌ను ఒక కవర్‌లో వేసి, నాలుగు బిల్లులూ తీసుకుని రేపు ఆ వర్క్‌షాపుకు వెళుతున్నాను.